గీత పడ్డచోటే మేడ తెగుతుంది: పాతబస్తీ కమానులు, రోడ్డు వెడల్పు, సున్నం లెక్కలు

(పట్టణ ప్రణాళిక, సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు, పాతబస్తీ దుకాణదారులు కలిసి కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందు వరుసల్లో దుకాణాలవాళ్లున్నారు, వెనక విద్యార్థులున్నారు. హైదరాబాద్ పాతబస్తీ కట్టడాల మీద మాట్లాడమంటే చాలామంది చార్మినార్ ఫొటోతో మొదలుపెడతారు. 1591లో కట్టిన చార్మినార్‌కు కేంద్ర పురావస్తు శాఖ రక్షణ ఉంది, దాన్ని కూల్చే ధైర్యం ఎవరికీ లేదు. గొడవంతా దాని చుట్టూ ఉన్న ఇళ్లకు, దుకాణాలకు, దేవిడీలకు, అంటే పాత నవాబుల లోగిళ్లకు. జాబితాల్లో లేనివి, లేక జాబితాలో ఉండీ దిక్కులేనివి. ఇవాళ వాటి గురించే మాట్లాడతాను. వాటిలోనూ ఎక్కువగా రోడ్డు వెడల్పు గురించి. ఎందుకంటే హైదరాబాదులో పాత కట్టడం బతుకు చాలావరకు మాస్టర్ ప్లాన్ పటం మీద గీసిన రోడ్డు గీతతోనే తేలిపోతుంది. జేసీబీ వచ్చేసరికి అసలు నిర్ణయం జరిగి ఏళ్లు గడిచి ఉంటాయి.

ముందుగా ఒక ముచ్చట. చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి బజారు రాతి కమానులను మనం వారసత్వం అంటాం కదా, అవి పుట్టిందే రోడ్డు విస్తరణలో. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు గల్లీలు తీసేశారు, రోడ్డు వెడల్పు చేశారు, చేసిన చోటే రెండు వైపులా రెండంతస్తుల రాతి వరుస కట్టారు. కింద దుకాణం, ముందు కమాను, పైన గదులు. కాబట్టి 'పాతది అంటే కదలకుండా ఉండేది' అనే వాదన పత్తర్‌గట్టి ముందు నిలవదు. కూల్చడంలో అప్పటివాళ్లు మనకన్నా వెనకబడలేదు. తేడా అల్లా ఒక్కటే. రోడ్డు వేసిన చేయి, దాని పక్కన మేడ కట్టిన చేయి అప్పట్లో ఒకటే. రోడ్డు అంచు ఎలా ఉండాలో కూడా రోడ్డు వేసినవాళ్లే ఆలోచించారు. ఇప్పుడు రోడ్డుకు ఒక శాఖ, భూసేకరణకు ఇంకో శాఖ, మురుగు కాలువకు మరొకటి. సగం తెగిన మేడ మాత్రం దాని యజమాని ఖర్మ.

ఇప్పుడు లెక్కల్లోకి వద్దాం. విద్యార్థులు రాసుకోండి.

హైదరాబాదులో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేదు. అంటే స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలి అనే గరిష్ఠ లెక్క తీసేశారు. మరి ఎత్తును ఆపేదేమిటి? ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ. 18 మీటర్లు దాటి కట్టాలంటే కనీసం 12 మీటర్ల రోడ్డుండాలి, అంటే మన మాటల్లో 40 అడుగులు. ఎత్తు 24 మీటర్లు దాటితే 18 మీటర్ల రోడ్డు, 30 దాటితే 24 మీటర్ల రోడ్డు కావాలి. ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ వదిలే జాగా పెరుగుతుంది. స్థలం కనీసం 2,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2,400 గజాలు ఉండాలి.

దీని అర్థం చూడండి. 40 అడుగుల రోడ్డును 100 అడుగులు చేస్తే ట్రాఫిక్ సంగతి తర్వాత, ముందు ఆ రోడ్డుకు ఆనుకున్న ప్రతి పెద్ద స్థలానికీ కొత్త ఎత్తు వస్తుంది. చిన్న దుకాణానికి రాదు, 2,400 గజాలు లేవు కాబట్టి. మరి పాతబస్తీలో 2,400 గజాలు ఒకే చోట ఉన్నవి ఏవి? దేవిడీలు. నవాబుల, జాగీర్దారుల లోగిళ్లు. మధ్యలో ఖాళీ ముంగిలి, చుట్టూ గదులు, ముందు పెద్ద కమాను. నియమాల ప్రకారం అవే అందరికన్నా ముందు పోతాయి. దేవిడీ మాయమైందని ఎవరైనా బాధపడితే, దాని ముందు రోడ్డు ఏ సంవత్సరంలో ఎన్ని అడుగులైందో అడగండి. చాలాసార్లు జవాబు అందులోనే దొరుకుతుంది.

ఇక టీడీఆర్. అభివృద్ధి హక్కు బదిలీ. నీ స్థలంలో కట్టుకోలేని దాన్ని కాగితంగా ఇస్తాం, ఇంకోచోట కట్టేవాడికి అమ్ముకో అనే పద్ధతి. ముంబైలో, అహ్మదాబాదులో పాత కట్టడాలకు దీన్ని వాడారు. అక్కడ ఎఫ్‌ఎస్‌ఐకి హద్దుంది, హద్దు దాటాలనుకునే బిల్డరుకు ఆ కాగితం కావాలి. మన దగ్గర హద్దే లేదు కదా, మరి ఆ కాగితం ఎవరికి కావాలి? అదనపు అంతస్తుకో, సెట్‌బ్యాక్‌లో, అంటే చుట్టూ వదిలే ఖాళీలో, కొంత సడలింపుకో వాడుకోనిచ్చారు కాబట్టి ఆ మాత్రం గిరాకీ ఉంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మాస్టర్ ప్లాన్ రోడ్డుకు జాగా వదిలితే 2017 నుంచి 400 శాతం టీడీఆర్ ఇస్తున్నారు. వారసత్వ కట్టడాన్ని బాగుచేసి వాడుకుంటూ నిలబెట్టినవాడికి నియమాల్లో రాసింది 100 శాతం. కూలగొట్టి ఇస్తే నాలుగు రెట్లు, కాపాడితే ఒక రెట్టు. యజమానికి వారసత్వం మీద ప్రేమ లేదని తిట్టేముందు ఈ రెండు అంకెలు చూడాలి.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను. ముంబై తర్వాత దేశంలో వారసత్వ కట్టడాలకు నగర నియమాలు పెట్టుకున్న రెండో ఊరు మనదే. 1995లో హుడా, అంటే అప్పటి హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, జోనింగ్ నియమాల్లో 13వ నియమం చేర్చారు. భవనాల జాబితా వచ్చింది, కొండరాళ్లకూ రక్షణ వచ్చింది. 2015 డిసెంబర్‌లో ఆ నియమాన్ని తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. మధ్యలో ఏడాదికి పైగా ఖాళీ. తర్వాత 2019లో ఇర్రం మంజిల్ అనే పాత నవాబు మహల్ గొడవ అందరికీ తెలుసు. కొత్త అసెంబ్లీ కోసం దాన్ని కూల్చాలని మంత్రివర్గం జూన్‌లో నిర్ణయించింది, హైకోర్టు సెప్టెంబర్ 16న ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ తీర్పులో మన పనికొచ్చే సంగతి ఏమిటంటే, భవనం అందంగా ఉందా లేదా అనే దాని మీద అది నిలబడలేదు, పాటించాల్సిన చట్టపద్ధతి పాటించలేదన్నదాని మీద నిలబడింది. కోర్టుకు వెళ్లేవాళ్లు అందం గురించి పది పేజీలు రాసి పద్ధతి గురించి అర పేజీ రాస్తారు. తిరగరాయాలి.

చార్మినార్ దగ్గర్లో ఇల్లున్నవాళ్లకు వేరే బాధ. పురాతన కట్టడాల కేంద్ర చట్టానికి 2010లో చేసిన సవరణ తర్వాత, కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం నుంచి 100 మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం. ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మరమ్మతు చేసుకోవచ్చు, అనుమతి తీసుకోవాలి. మంచి నియమమే. కానీ అనుమతి కాగితం ఆలస్యమైతే ఇంటాయన ఏం చేస్తాడు? ముందు పరదా కట్టి రాత్రిపూట వెనక గోడ లేపుతాడు. రాత్రి పని అంటే మేస్త్రీకి తొందర, తొందరంటే సిమెంటు. చట్టం కాపాడదామనుకున్న సున్నపు గోడ ఆ పరదా వెనకే పాడవుతుంది. అనుమతి తొందరగా ఇవ్వడం కూడా సంరక్షణ పనే అని మన శాఖలు ఇంకా ఒప్పుకోలేదు.

సరే, పాతబస్తీకి వేయాలనుకున్న మెట్రో. ఎంజీబీఎస్ బస్టాండు నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, అలీజా కోట్ల, శాలిబండ మీదుగా వెళ్తుంది. రోడ్డు 100 అడుగులు, స్టేషన్ల దగ్గర 120 అడుగులు అనుకున్నారు. పరిహారం గజానికి 81,000 రూపాయలని ప్రకటించారు, నిర్మాణం విలువ వేరుగా. ఈ అంకెను ఒక దుకాణం మీద పెట్టి చూద్దాం.

ముందు వైపు 12 అడుగులు, లోతు 30 అడుగులు. ఉన్న రోడ్డు 60 అడుగులనుకోండి. 100 కావాలంటే రెండువైపులా చెరి 20 అడుగులు పోవాలి. ఈ దుకాణంలో పోయేది 12 ఇంటూ 20, 240 చదరపు అడుగులు, అంటే 26.7 గజాలు. 81,000తో గుణిస్తే 21.6 లక్షలు. మిగిలేది 12 ఇంటూ 10, 120 చదరపు అడుగులు, 13 గజాల పైచిలుకు. ఆ ముక్కలో మెట్లు పెడితే దుకాణం లేదు, దుకాణం పెడితే మెట్లు లేవు. నియమాల ప్రకారం కొత్త ప్లాను కూడా దొరకడం కష్టం. ఆ 21.6 లక్షలు వారసులు నలుగురుంటే నాలుగు ముక్కలు, కిరాయిదారు పాతవాడైతే ఇంకో పంచాయితీ. కాగితం మీద పరిహారం బాగానే కనబడుతుంది. మిగిలిన ముక్క గురించి మాత్రం ఎవరూ లెక్క వేయరు. మిగిలింది ఫలానా గజాలకన్నా తక్కువైతే మొత్తం కొనాలని ముందే అడగాలి. లేకపోతే రోడ్డు పొడుగునా పదేసి అడుగుల లోతున్న డబ్బాలు లేస్తాయి, వాటి ముందు ఫ్లెక్సీలు లేస్తాయి. అవి మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు అసలు నేను చూపించాలనుకున్నది. తెర మీద బొమ్మ చూడండి. వరసగా ఐదు కమానులు. కమాను మీద బరువు పడితే అది కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. రెండో కమాను ఎడమకు తోస్తే ఒకటోది కుడికి తోస్తుంది, మధ్య స్తంభం మీద రెండు తోపులూ కలిసి రద్దయిపోతాయి. అందుకే మధ్య స్తంభాలు సన్నగా ఉన్నా నిలబడతాయి. వరుస చివర్లో మాత్రం తోపును ఆపేవాడు లేడు, అందుకే పాత మేస్త్రీలు చివరి స్తంభాన్ని లావుగా కట్టారు, లేదా గోడలో కలిపారు.

భూసేకరణ ఎలా జరుగుతుంది? ఇంటికొకటిగా. ఒకాయన చెక్కు తీసుకున్నాడు, రెండో ఆయన కోర్టుకెళ్లాడు, మూడో ఇంటికి వారసుల తగాదా. చెక్కు తీసుకున్న ఇల్లు కూలుస్తారు. అంటే ఐదింటిలో మూడో కమాను పోయింది. రెండోదీ నాలుగోదీ ఇప్పుడు 'చివరివి' అయ్యాయి. వాటి స్తంభాలు సన్నవి. ఆ రోజే కూలవు. సున్నం కదా, మెల్లగా వంగుతుంది. రెండు వానాకాలాల తర్వాత కమాను మధ్యరాయి దగ్గర కింది వైపు నుంచి చీలిక తెరుచుకుంటుంది. అప్పుడు నగరపాలక సంస్థ చట్టంలో 456వ సెక్షను కింద 'శిథిల భవనం, ఖాళీ చేయండి' అని నోటీసు వస్తుంది. కోర్టుకెళ్లి గెలిచిన ఆయన ఇల్లు ఇలా పోతుంది. చూసేవాళ్లకు పాత ఇల్లు కదా, కూలిందనిపిస్తుంది.

గోడల కథ కూడా అంతే. పాతబస్తీలో రెండిళ్లకు మధ్య గోడ ఒకటే. ఇవతలి ఇంటి దూలాలు, అవతలి ఇంటి దూలాలు అదే గోడలో కూర్చుంటాయి. ఒక ఇల్లు తీసేస్తే ఆ గోడకు ఒక పక్క పట్టు పోతుంది. దూలాలు పీకిన గుంతల్లోకి వాన దూరుతుంది. ఎన్నడూ ఎండా వానా చూడని లోపలి గోడ, మట్టి కలిపిన సున్నంతో కట్టింది, ఒక్కసారిగా బయటిగోడ అయిపోతుంది.

మరి ఏం చేయాలి? వరసను వరసగా చూడాలి. నోటిఫికేషన్ ఇంటింటికి కాకుండా, లావు స్తంభం నుంచి లావు స్తంభం దాకా ఒక ముక్కగా ఇవ్వాలి. ఒక ఇల్లు తీయక తప్పనప్పుడు ముందు పక్క కమానుల కింద చెక్క అచ్చు పెట్టి బిగించాలి, చివరి స్తంభానికి ఇటుకతోనో రాతితోనో ఆనుడు గోడ కట్టాలి, లేదా కమాను కాళ్ల ఎత్తులో ఉక్కు కడ్డీ వేసి రెండు వైపులా పలక పెట్టి బిగించాలి. ఇదంతా అయ్యాకే కూల్చివేత. అది కూడా పైనుంచి కిందికి, చేత్తో, ఉలితో. పక్క ఇంటిని అంటిన మూడడుగులు తప్పనిసరిగా చేత్తోనే. జేసీబీ బకెట్టుతో ఒక రాయి లాగితే ఆ లాగుడు మూడిళ్ల దాకా పోతుంది. తీసిన రాళ్లకు అంకెలు వేసి పెడితే తర్వాత ముందు భాగం మళ్లీ నిలబెట్టవచ్చు. అంకెలు వేయకపోతే అది కంకర, అంతే.

దుమ్ము, ప్రకంపన గురించి కూడా. హైదరాబాదులో కొద్ది అడుగులు తవ్వితే గ్రానైటు తగులుతుంది. మెట్రో స్తంభానికి రాయి పగలగొట్టాలి. బ్రేకరు పెట్టి దబదబ కొడితే ఆ కదలిక నేలలోంచి గోడకెక్కుతుంది. సున్నితమైన పాత కట్టడాలకు ప్రపంచమంతా వాడే జర్మన్ ప్రమాణం ఒకటుంది. పునాది దగ్గర తక్కువ ఫ్రీక్వెన్సీ కదలికకు సెకనుకు 3 మిల్లీమీటర్ల వేగం దాటకూడదంటుంది. దీన్ని కొలిచే పరికరం అరచేతి పెట్టె అంత ఉంటుంది. పని మొదలయ్యే ముందు గోడ పునాదికి బిగించి, అంకె దాటితే పని ఆపే షరతు కాంట్రాక్టులో రాయించాలి. ఆపాక ఏం చేస్తారు? రంధ్రాలు వేసి ఉబ్బే పొడి పోసి రాయిని చప్పుడు లేకుండా పగలగొట్టవచ్చు, వైరు రంపంతో కోయవచ్చు. ఖర్చెక్కువ, టైమెక్కువ. అందుకే టెండరులో రాయకపోతే ఎవరూ చేయరు. స్తంభాన్ని జరపడం కూడా ఉంది. ఒక స్తంభానికీ ఇంకోదానికీ దాదాపు 25 నుంచి 30 మీటర్లుంటాయి కాబట్టి, పటం దశలో ఒక దాన్ని రెండు మీటర్లు జరపడం కష్టం కాదు. పునాది తవ్వాక జరపమంటే మాత్రం ఎవరి మాటా వినరు.

వెడల్పు లేకుండానే వెడల్పు తెచ్చే మార్గం ఒకటుంది, మెట్రో రాని రోడ్లకు. కమానుల వరుస ఉన్నచోట కాలిబాటను కమానుల లోపలికి తీసుకుపోవడం. షట్టర్లు 8 నుంచి 10 అడుగులు వెనక్కి జరుగుతాయి, పై అంతస్తు అలాగే ఉంటుంది, జనం కమానుల నీడలో నడుస్తారు. బయట ఉన్న కాలిబాట జాగా రోడ్డులో కలుస్తుంది. రెండువైపులా కలిపి 16 నుంచి 20 అడుగులు, ఒక్క రాయీ పడకుండా. ముంబైలో డీఎన్ రోడ్డు పందొమ్మిదో శతాబ్దం చివర ఇలాగే కట్టింది, ఇవాళ్టికీ నడుస్తుంది. కానీ కాగితం గట్టిగా ఉండాలి. జాగా యజమానిదే, నడిచే హక్కు జనానిది అని రిజిస్టరు చేయాలి, పోయిన షాపు లోతుకు పరిహారం ఇవ్వాలి, ఆ పదడుగుల్లో సరుకు పెట్టకుండా చూడాలి. చివరిది చేయకపోతే మిగతావన్నీ వృథా. నిజానికి దీనికన్నా ముందు చేయాల్సిన పని ఇంకా చవక. 60 అడుగుల రోడ్డులో రెండు పక్కలా బళ్లు ఆపితే చెరి ఆరడుగులు పోతాయి, అంటే పన్నెండడుగులు. వెడల్పు చేసిన రోడ్డులో ఈ పన్నెండూ ఇరవై నాలుగు అవుతాయి, బళ్లు రెండు వరసలవుతాయి. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ అదే జరుగుతోంది.

ఇక సున్నం. రక్షించామనుకున్న కట్టడాలు ఎక్కువ పాడయ్యేది ఇక్కడే. పాత గోడ తడి పీలుస్తుంది, మళ్లీ వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే పీల్చడం ఆగదు, కింద నేలలోంచి పైన మిద్దెలోంచి వస్తూనే ఉంటుంది, వదలడం ఆగుతుంది. నీళ్లతో వచ్చిన ఉప్పు పూత వెనక గడ్డకడుతుంది. నాలుగేళ్లలో పూత ఉబ్బి రాలుతుంది, రాలేటప్పుడు వెనకున్న పాత సున్నాన్ని కూడా ఊడదీసుకుపోతుంది. మేస్త్రీ అంటాడు, చూశారా పాత గోడలో దమ్ము లేదని.

డంగు సున్నం చేసే తీరు: రాతి సున్నం గుంతలో వేసి నీళ్లు పోసి చల్లార్చాలి. జల్లెడ పట్టి, మీద నీళ్లు నిలిపి కనీసం 15 రోజులు, వీలైతే నెల మాగనివ్వాలి. చల్లారని పలుకు ఒక్కటి మిగిలినా గోడలో ఉబ్బి పూతకు గుంట పెడుతుంది. ఒక పాలు సున్నానికి రెండు నుంచి మూడు పాళ్లు ఇసుక, ఇటుక పొడి. దాన్ని గానుగలో నూరాలి, పారతో కలిపితే చాలదు. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలుపుతారు. పూత ఒక్కోటి 10 నుంచి 12 మిల్లీమీటర్లు మించకుండా, ఒకటి గట్టిపడ్డాకే ఇంకోటి. తడి గోనె కప్పి కనీసం వారం ఎండ తగలకుండా చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టవద్దు, ఆరిపోయి పగుళ్లిస్తుంది. జోరు వానలో వద్దు, గట్టిపడదు. తొందరగా పట్టడానికి 'కొంచెం సిమెంటు' కలుపుతామంటారు. ఆ కొంచెం దగ్గరే కథ మొదటికొస్తుంది.

సున్నం చేసినా కాపలా ఉండాలి. చార్మినార్ మీదే 2019 మే నెల మొదట్లో ఒక మినారు నుంచి గచ్చు నగిషీ ముక్క ఊడిపడింది, 2025 ఏప్రిల్‌లో వానకు మళ్లీ పడింది. దేశమంతా చూసే కట్టడానికే అలా ఉంటే, ఎవరూ చూడని దేవిడీ సంగతి వేరే చెప్పక్కర్లేదు. మొజంజాహీ మార్కెట్టు చూడండి, 1935 నాటిది. 2020లో బాగుచేసి తెరిచారు. దుకాణాలు అక్కడే ఉన్నాయి, ఐస్‌క్రీమూ అక్కడే ఉంది. వాడకంలో ఉన్నది కాబట్టి ఎక్కడ కారినా ఆ సాయంత్రమే ఎవరో ఒకరు అరుస్తారు. తాళం వేసిన మ్యూజియంకన్నా అది నయం.

ఒక్క విషయం మనవాళ్లు దాటేస్తారు, నేను దాటను. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర అగ్నిప్రమాదంలో 17 మంది చనిపోయారు. పిల్లలున్నారు. పాత ఇల్లు, కింద దుకాణాలు, లోపలికి ఇరుకు దారి. పాత కట్టడాన్ని ఉంచాలనేవాళ్లకు దీనికి జవాబుండాలి. జవాబు గోడల్లో లేదు, వైర్లలో, మెట్లలో ఉంది. కర్ర పలకల వెనక పాత వైరు మీద ఏసీ పెట్టకూడదు. ప్రతి అంతస్తుకూ విడిగా ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే తనంతట తానే కరెంటు ఆపే స్విచ్, దానితో పాటు లీకేజీ కనిపెట్టే స్విచ్. మెట్ల కింద సరుకు వద్దు. మిద్దె మీంచి పక్కింటి మిద్దెకు తలుపు, దానికి లోపలి గొళ్లెం మాత్రమే, తాళం కాదు. పాతకాలంలో ఆడవాళ్లు మిద్దెల మీదుగానే ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లేవాళ్లు. ఆ దారులు మనమే గోడలు లేపి మూసుకున్నాం. వాటిని తెరవడానికి ఏ వారసత్వ నియమమూ అడ్డు రాదు.

ఇక ప్రశ్నలు.

ప్రశ్న (విద్యార్థిని): ముందు భాగం మాత్రం ఉంచి వెనక కొత్త భవనం కడితే సరిపోదా సార్?

కొన్నిచోట్ల అదే దిక్కమ్మా. కానీ ముందు గోడ ఒంటరిగా నిలబడదు. వెనక అడ్డగోడలే దానికి పట్టు. వెనక తీసేముందు ఉక్కు చట్రం కట్టి ముందుగోడను బిగించాలి, కొత్త స్లాబు వచ్చాక దానికి కట్టి అప్పుడు చట్రం తీయాలి. ఆ గోడకు ఆనుకుని సెల్లారు తవ్వితే మాత్రం పునాది కింద మట్టి జారుతుంది, గోడ వెనక్కి వాలుతుంది. ముందుభాగం ఉంచుతామని అనుమతి తీసుకున్న ప్లానులో రెండు సెల్లార్లుంటే ఆ గోడ నిలవదని రాసి పెట్టుకోండి. ఇంకోటి, కూల్చేసి సిమెంటుతో అలాంటి కమానే పోసి రాతి పలకలు అంటిస్తామంటారు. అది బోర్డు కిందే లెక్క, కట్టడం కింద కాదు.

ప్రశ్న (దుకాణదారు): మా పక్క ఇల్లు తీసేస్తున్నారు. మాది వద్దని స్టే ఉంది. ఈలోగా నేనేం చేసుకోవాలి సార్?

కూల్చివేత మొదలయ్యే ముందే, రేపే చేయండి. నేల నుంచి మిద్దె దాకా ప్రతి గదీ ఫొటోలు తీయించండి, గోడ పక్కన టేపు కనబడేలా. ఆ రోజు పేపరు కూడా ఫొటోలో పడాలి. ఇప్పటికే ఉన్న పగుళ్లు దాచవద్దు, అవే ముఖ్యం. ఒక్కో పగులు మీద అడ్డంగా అగ్గిపెట్టె అంత గాజుముక్క పెట్టి, రెండు చివరలా ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అంటించండి, పక్కన గోడ మీద తేదీ రాయండి. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు విరుగుతుంది. పని జరిపే ఆఫీసుకు ఒక కాపీ ఇచ్చి మీ దాని మీద ముద్ర వేయించుకోండి. వారానికి రెండుసార్లు చూడండి. కమానుల దగ్గర, పక్కింటి గోడకు ఆనుకున్న మూలల్లో, దూలాల చివర్ల కింద. ఏ గాజు విరిగిందో, ఏ రోజు విరిగిందో, ఆ రోజు పక్కన ఏ మిషను నడిచిందో, మూడూ ఒకే వరుసలో రాయండి. విరిగిన గాజును పారేయకండి, కవరులో పెట్టి దాని మీద కూడా తేదీ రాయండి.